కుక్కల దాణా నాణ్యత – సంచి మీది రాతను చదివే విధానం

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లోనూ, పావగడ తాలూకాలోనూ, హోసూరు, డెంకణికోట చుట్టుపక్కలా మల్బరీ సాగుచేసే మన తెలుగు రైతుల తోటల దగ్గర కాపలాకు కుక్కను పెంచడం మామూలే. గూళ్ళు చంద్రికల మీద ఉండే నాలుగైదు రాత్రులు దానికి పని ఎక్కువ. ఇంతకాలం దాని తిండి రాగి సంగటి, మిగిలిన అన్నం, మజ్జిగ. ఇప్పుడు పట్నం దుకాణాల్లో కుక్కల దాణా సంచుల్లో దొరుకుతోంది. సంచి విప్పి కిలోల లెక్కన విడిగా అమ్మే దుకాణాలూ ఉన్నాయి. కొనేటప్పుడు మనం చూసేది సాధారణంగా ధర, సంచి మీది బొమ్మ. కొంచెం తెలిసినవారు మాంసకృత్తులు ఎంత శాతం అన్న అంకె చూస్తారు. ఆ అంకె చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి అన్నదే ఈ పాఠం.

పట్టు శాఖ కరపత్రంలో కుక్కల దాణా సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. దారం తీశాక మిగిలే ప్యూపాను ఎండబెట్టి, నూనె తీసి, చేపల దాణాకు, కోళ్ళ దాణాకు వాడుతున్నారు. పెంపుడు జంతువుల దాణాలోనూ పురుగుల పొడి వాడకం మొదలైంది. అందువల్ల పట్టు పనిలో ఉన్నవారు దాణా కొనేవారు మాత్రమే కారు, దాణాకు సరుకు ఇచ్చేవారు కూడా. రెండు వైపులా అదే అంకెతో బేరం జరుగుతుంది.

మాంసకృత్తుల అంకె ఎలా వస్తుంది?

సంచి మీద "క్రూడ్ ప్రోటీన్" అని ఉంటుంది. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా తూచరు. దాణాలోని నత్రజనిని కొలిచి, ఆ సంఖ్యను 6.25తో గుణిస్తారు. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుందన్న లెక్క మీద ఈ గుణకం వచ్చింది. నత్రజనిని కొలిచే ఈ పద్ధతిని డెన్మార్కు శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో ప్రకటించాడు. చవక, నమ్మకమైన పద్ధతి కనుక నేటికీ వాడుకలో ఉంది. కాని దీనికి ఒక గుడ్డితనం ఉంది. నత్రజని ఎక్కడినుంచి వచ్చిందో అది చెప్పదు.

మల్బరీకి వేసే యూరియానే తీసుకోండి. సంచి మీద 46 శాతం నత్రజని అని ఉంటుంది. దాన్ని 6.25తో గుణిస్తే 287 దాటుతుంది. అంటే నూరు కిలోల దాణాలో ఒక్క కిలో యూరియా కలిపితే చాలు, కాగితం మీద మాంసకృత్తులు దాదాపు 3 శాతం పెరిగినట్టు కనిపిస్తాయి. ఆవులు, ఎద్దుల దాణాలో యూరియాను కొలత ప్రకారం కలపడం మీకు తెలిసిందే. వాటి పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నత్రజనిని మాంసకృత్తులుగా మార్చుకోగలవు. కుక్కకు అటువంటి పొట్ట లేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2007 మార్చిలో అమెరికా, కెనడా దేశాల్లో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోసాగాయి. ఒక పెద్ద తయారీ సంస్థ 6 కోట్లకు పైగా డబ్బాలను, పొట్లాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చైనానుంచి గోధుమ గ్లూటెన్ పేరుతో వచ్చిన సరుకులో మెలమైన్ కలిపారని పరీక్షల్లో తేలింది. మెలమైన్ అంటే పళ్ళేల తయారీలో, ప్లైవుడ్ జిగురులో వాడే రసాయనం. అందులో మూడింట రెండు వంతులు నత్రజనే. ఒక కిలో కలిపితే నూరు కిలోల సరుకులో మాంసకృత్తుల అంకె 4 శాతం లేస్తుంది. దానికి సయనూరిక్ ఆమ్లం కూడా తోడై మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టాయి. సరుకు కొన్నవారు మాంసకృత్తుల పరీక్ష చేయించినా అంకె సరిగానే ఉండేది. ఆ పరీక్షను దాటించడానికే అది కలిపారు. మరుసటి సంవత్సరం, 2008లో, చైనాలోనే పసిపిల్లల పాలపొడిలో ఇదే కల్తీ బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు.

కల్తీ లేకపోయినా అంకె తప్పుదారి పట్టించవచ్చు. మన చేతిలో ఉన్న పట్టు దారమే ఇందుకు మంచి ఉదాహరణ. పట్టు పోగు అంతా మాంసకృత్తే. బాగా ఎండిన పట్టును కెల్డాల్ పద్ధతిలో పరీక్షిస్తే అంకె నూటికి నూరు దాటుతుంది. ఎందుకంటే అందులో నత్రజని మామూలు మాంసకృత్తుల కంటే ఎక్కువ. మరి పట్టు వ్యర్థం తిని కుక్క బతుకుతుందా? ఆ పోగు దాని కడుపులో అరగదు. కోళ్ళ ఈకలు, జుట్టు, గిట్టలు కూడా ఇంతే. ఈకలను ఆవిరి ఒత్తిడిలో ఉడికించి పొడి చేస్తే కొంత అరుగుతాయి, పచ్చివి అరగవు. కనుక "మాంసకృత్తులు ఎంత?" అన్న ప్రశ్న తర్వాత "దేని మాంసకృత్తులు?" అన్న ప్రశ్న తప్పక వేయాలి. దానికి జవాబు పదార్థాల జాబితాలో వెతకాలి.

పదార్థాల జాబితా

మంచి కంపెనీలు పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ కలిపినవి ముందు, తక్కువ కలిపినవి తర్వాత రాస్తాయి. మొదటి నాలుగైదు పేర్లు చదివితే దాణాలో ఎక్కువ భాగం ఏమిటో తెలుస్తుంది. ఇందులో రెండు మెలకువలు ఉన్నాయి.

మొదటిది నీటి మెలకువ. జాబితాలో మొదట "కోడిమాంసం" అని ఉందనుకోండి. పచ్చి కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే. నూరు కిలోల మిశ్రమంలో 20 కిలోల పచ్చిమాంసం వేస్తే, ఆరిన తర్వాత మిగిలేది 6 కిలోలు. అదే "కోడిమాంసం పొడి" అయితే నీరు ముందే పోయి ఉంటుంది. 15 కిలోలు వేస్తే 13 కిలోలకు పైగా నిలుస్తుంది. కాబట్టి మొదటి స్థానంలోని పచ్చిమాంసం కంటే మూడో స్థానంలోని మాంసం పొడి ఎక్కువ పోషణ ఇవ్వవచ్చు. నూరు కిలోల పచ్చి ఆకు, నూరు కిలోల ఎండు ఆకు ఒకటి కావని మల్బరీ కోసే మీకు వేరే చెప్పనక్కరలేదు.

రెండోది విడదీసి రాయడం. పైన చెప్పిన 20 కిలోల కోడిమాంసం మొదట రాసి, తర్వాత మొక్కజొన్న 18, నూకలు 17, తవుడు 15 అని వేరువేరుగా రాస్తారు. చూసేవారికి ఇది మాంసం దాణా. మూడు ధాన్యాలనూ కలిపితే 50 కిలోలు! బరువులు సంచి మీద ఉండవు కనుక, జాబితాలో ధాన్యం పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడమే మన చేతిలో ఉన్న ఉపాయం.

ధాన్యం ఉండడం తప్పని దీని అర్థం కాదు. ఉడికిన పిండిపదార్థాన్ని కుక్క బాగానే అరిగించుకుంటుంది. తోడేలు కంటే కుక్కలో పిండిని అరిగించే జన్యువు నకళ్ళు చాలా ఎక్కువగా ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. మన సంగటి తిని తరతరాలుగా కుక్కలు బతికాయి కూడా. అభ్యంతరం ధాన్యం మీద కాదు, మాంసం ధరకు ధాన్యం అమ్మడం మీద. అలాగే "ఉపఉత్పత్తులు" అన్న మాట చూసి ముఖం చిట్లించనక్కరలేదు. కాలేయం, ఊపిరితిత్తులు, ప్లీహం ఇందులోకే వస్తాయి. కుక్కకు ఇవి మంచి తిండి. అనుమానించవలసింది ఏ జంతువుదో చెప్పని రాతను. "కోడి ఉపఉత్పత్తులు" అన్నది "మాంసం ఉపఉత్పత్తులు" కంటే నమ్మదగినది. ఉత్త "జంతు పదార్థాలు" అని వదిలేస్తే ప్రతి సంచిలోనూ ఒకటే సరుకు ఉంటుందన్న హామీ లేదు.

డబ్బా దాణా, సంచి దాణా పోల్చేటప్పుడు కూడా నీటిని తీసివేసి లెక్క కట్టాలి. డబ్బా మీద మాంసకృత్తులు 8 శాతం, తేమ 78 శాతం అని ఉంటే పొడి భాగం 22. అందులో 8 అంటే 36 శాతం. సంచి మీద మాంసకృత్తులు 22, తేమ 10 అని ఉంటే పొడి భాగం 90. అందులో 22 అంటే 24 శాతం. అయితే డబ్బాలో మీరు డబ్బిచ్చి కొన్నది ఎక్కువ భాగం నీరే అన్నది కూడా మరువరాదు. అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ఈ పొడి లెక్కలో ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, పిల్లలకు, చూలు కుక్కలకు, పాలిచ్చే కుక్కలకు 22.5 శాతం మాంసకృత్తులు ఉండాలి.

ప్యూపా సంగతి

ఎండిన ప్యూపాలో సుమారు సగం మాంసకృత్తులు, నాలుగో వంతు లేదా అంతకు కొంచెం ఎక్కువ కొవ్వు ఉంటాయి. నూనె తీస్తే మాంసకృత్తుల శాతం పెరుగుతుంది. మాంసకృత్తుల రకం కూడా మంచిదే. అయితే పురుగు పై పొరలోని కైటిన్‌లో దాదాపు 7 శాతం నత్రజని ఉంది. అది కూడా మాంసకృత్తుల లెక్కలోకే చేరుతుంది కనుక పరీక్ష అంకె నిజం కంటే కొంత ఎక్కువ చూపుతుంది. కొనేవారు ఈ సంగతి ఎత్తితే అది బేరం మాట మాత్రమే అనుకోవద్దు, నిజమే.

ప్యూపాకు పెద్ద శత్రువు దాని నూనే. రీలింగ్ బేసిన్‌నుంచి తీసిన తడి ప్యూపాను కుప్పగా వదిలితే ఒక్కరోజులోనే కుళ్ళు వాసన వస్తుంది. ఎండినదైనా వేసవిలో గోతాల్లో నెలల తరబడి ఉంచితే నూనె ముక్కిపోయి ఘాటు వాసన వేస్తుంది. సిమెంటు నేల మీద పలుచగా పరచి, తిరగేస్తూ, గలగలలాడేంతవరకు ఎండబెట్టాలి. ముక్కిన ప్యూపాను మన కుక్కకూ వేయరాదు, దాణాకూ అమ్మరాదు. రోగం తగిలి చచ్చిన పురుగులను కుక్కలకు, కోళ్ళకు వేసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉంది. దీనివల్ల రోగం ఊరంతా తిరుగుతుంది. వాటిని కాల్చాలి, లేదా బ్లీచింగ్ పౌడరు చల్లి లోతుగా పూడ్చాలి.

కంపెనీ దాణాలోని కొవ్వు కూడా ఇలాగే ముక్కుతుంది. అందుకే బి.హెచ్.ఎ., బి.హెచ్.టి. లేదా విటమిన్ ఇ రకానికి చెందిన టోకోఫెరాల్స్ కలుపుతారు. టోకోఫెరాల్స్ కలిపిన సంచి విప్పాక తొందరగా వాడేయాలి.

బూజు – అన్నిటికంటే పెద్ద ప్రమాదం

వేరుశనగ పండించే రైతుకు అఫ్లాటాక్సిన్ పేరు కొత్త కాదు. తడిసిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కల్లో పసుపుపచ్చ బూజు విడుదల చేసే విషం ఇది. చవక దాణాలో ఎక్కువగా ఉండేవి ఈ సరుకులే. వండినంత మాత్రాన ఈ విషం పోదు. రుచిలో, రంగులో తెలియదు. ఇది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక రకం దాణాలో ఈ విషం మోతాదుకు మించి ఉందని బయటపడింది. మరుసటి నెలకు 110కి పైగా కుక్కలు చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వానికి సమాచారం అందింది. ఆ సంచుల మీద మాంసకృత్తుల అంకె సక్రమంగానే ఉంది.

అక్కడ చెడిన సంచులను వెనక్కి రప్పించగలిగారంటే కారణం ప్రతి సంచి మీదా లాట్ నంబరు ఉండడమే. విడిగా కిలోల లెక్కన అమ్మే దాణాకు లాట్ నంబరు లేదు, తేదీ లేదు, తయారుచేసినవారి చిరునామా లేదు. రేపు కుక్క చస్తే అడగడానికి మనిషి ఉండడు. అయిదో పదో తగ్గుతుందని విడి దాణా కొనడం కంటే సంగటిలో ఒక గుడ్డు కలిపి పెట్టడమే మేలని మా అభిప్రాయం. సంచి కొన్నప్పుడు తయారీ నెల, గడువు, లాట్ నంబరు, చిరునామా, ఫిర్యాదు ఫోను నంబరు ఉన్నాయో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. సంచి ఖాళీ అయ్యేవరకు ఆ రాత ఉన్న ముక్కను పారవేయరాదు. దాణాను పురుగుల మనలో ఉంచితే ఎలుకలు చేరతాయి. సున్నం, బ్లీచింగ్ పౌడరు, పురుగుమందులు ఉన్న గదిలో అసలే ఉంచరాదు. నేలకు తగలకుండా చెక్క మీద, మూత ఉన్న డబ్బాలో ఉంచాలి.

కుక్క తిండి మానినా, వాంతులు చేసుకున్నా, కళ్ళు, చిగుళ్ళు పసుపు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా ఆ దాణాను వెంటనే ఆపి పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. అర కిలో దాణాను కాగితపు సంచిలో కట్టి, కొన్న తేదీ, లాట్ నంబరు రాసి వెంట ఉంచుకోవాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమర్చి కొత్తగా బూజు పడుతుంది, పరీక్ష చెడుతుంది. తమిళనాడు వైపువారికి నామక్కల్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వారి దాణా పరీక్షాశాల ఉంది. కర్ణాటక వైపువారు బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాలలో విచారించవచ్చు. పరీక్ష రుసుము, పంపవలసిన నమూనా బరువు ముందే కనుక్కొని వెళ్ళాలి. మాంసకృత్తుల పరీక్ష ఒక్కటే రాయించి ఊరుకోక, అఫ్లాటాక్సిన్ పరీక్ష కావాలని విడిగా అడిగి రాయించుకోవాలి.