నీటి మీది సోలార్‌లో మీకు పనుందా?

రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్‌లో సుమారు 500 ఎకరాల మేర సోలార్ ప్యానెళ్లు తేలుతున్నాయి. 2022 జులై నుంచి ఈ కేంద్రం పూర్తిగా 100 మెగావాట్లతో నడుస్తోంది. అంతకు ముందు ఏడాదే విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్లది మొదలైంది. భూసేకరణ తలనొప్పి లేదు, నీరు ఆవిరయ్యేదీ తగ్గుతుంది. మరి ఉద్యోగాలు?

'ఫ్లోటింగ్ సోలార్ కోర్సు' పేరుతో ఎవరైనా ఫీజు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఈ రంగానికి కావలసింది మీ అసలు చదువే.

రామగుండాన్నే చూడండి. మొత్తం 40 బ్లాకులు, ఒక్కోదానికి 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కూడా నీటి మీదే, ఫెర్రోసిమెంట్ తెప్ప మీద ఉంటాయి. తడిలో కేబుల్ ఇన్సులేషన్, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో మెగ్గర్ పట్టుకుని చూడగల ఎలక్ట్రీషియన్‌కు ఇక్కడ విలువ. బ్లాకులు గాలికి కొట్టుకుపోకుండా జలాశయం అడుగున బరువులు వేసి తాళ్లతో కట్టారు. వానాకాలం నీరు పెరుగుతుంది, ఎండాకాలం దిగుతుంది. తాడు రెండింటికీ సరిపోవాలి. ఆ లెక్క సివిల్ ఇంజనీర్లది. లోతు సర్వే కూడా వాళ్లదే. నా దృష్టిలో ఈ రంగంలో నిజంగా కొత్త నైపుణ్యం ఇదే, మనవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నవారు ఒకసారి ఇటూ చూడాలి.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడు పూర్తిచేసినవారికి జాతీయ సౌరశక్తి సంస్థ రూపొందించిన సూర్యమిత్ర శిక్షణ మంచి దారి. దాదాపు మూడు నెలలు, ఫీజు లేదు. మీ జిల్లాకు దగ్గర్లో బ్యాచ్ నడుస్తోందో లేదో కనుక్కోండి. డిప్లొమా వారు అప్రెంటిస్‌షిప్‌తో మొదలుపెట్టవచ్చు. బీటెక్ వారు గేట్ రాస్తే ఎన్‌టీపీసీ లాంటి సంస్థల తలుపు తట్టవచ్చు. డిజైన్ వైపు వెళ్లాలంటే పీవీసిస్ట్ సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరగాలి.

ఒక్క నిజం దాచకూడదు. కట్టేటప్పుడు కావలసినంత మంది, కట్టాక కొద్దిమందే. కాబట్టి చాలా ఉద్యోగాలు కాంట్రాక్టర్ల దగ్గరే, ఒక ప్రాజెక్టు అయ్యాక ఇంకో ఊరికి మారాల్సిందే. చేరేముందు పీఎఫ్, బీమా, లైఫ్ జాకెట్ ఇస్తారో లేదో అడగండి. ఈత రాకపోతే ఈ వేసవిలోనే నేర్చుకోండి.