పాత కారు – దూరపు బాట

కోనసీమ గౌతమీ వశిష్ఠల నడుమ, సముద్రపుటంచున నెలకొన్న పచ్చని సీమ. అచ్చట కొండ లేదు, గుట్ట లేదు. కొబ్బరితోటల నీడలో, కాలువగట్ల వెంబడి బాటలు సమతలముగా సాగిపోవును. ఇట్టి చోట పాత కారు నడుపుట కష్టము కాదు. కాని గోదావరి దాటి దూరము పోవలెనన్నచో గుండె జంకును. ఆ జంకు ఎట్లు తీరును?

అమలాపురములో ఒక ఉపాధ్యాయుడు కలడనుకొందము. ఆయన ఇంటి పాకలో తండ్రినాటి అంబాసిడరు కారు ఒకటి యున్నది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో ఈ కారును తయారుచేయ మొదలిడిరి. 2014లో దాని తయారీ నిలిచిపోయెను. మంత్రులకును, టాక్సీవారికిని, పెండ్లివారికిని చిరకాలము అదియే వాహనము.

“నాన్నగారూ, మన కారులో భద్రాచలము వెళ్దామండీ” అని పిల్లలు అడిగినప్పుడెల్ల ఆయన నవ్వి ఊరకుండెడివాడు. దారిలో కారు ఆగినచో ఏమి చేయవలెనో ఆయన ఎరుగడు. ఆ తెలియమియే భయమునకు మూలము.

ఒక వేసవి సెలవులలో ఆయన మెకానిక్కు చెంత చేరి పని చూడసాగెను. “బండి మాటాడుతుందండీ మాస్టారూ, వినాలంతే” అనెను ఆ మెకానిక్కు. ఉప్పుగాలికి తీగల కొనలు చిలుము పట్టునని, ఇథనాలు కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టములు చెడునని ఆయన తెలిసికొనెను. ఎండవేళ ఇంజను వేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరియై కారు ఆగిపోవచ్చును. అపుడు పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి, చల్లారువరకు ఓర్పు వహింపవలెను. రేడియేటరు కాగియున్నపుడు దాని మూత తీయరాదు. మరుగు నీరు ఎగజిమ్మి ఒడలు కాల్చును. ఫ్యాను బెల్టు మార్చుట, ప్లగ్గులు శుభ్రపరచుట ఆయన స్వహస్తములతో అభ్యసించెను.

పిమ్మట ప్రయాణములు మొదలయ్యెను. తొలి వారము అంబాజీపేట, మలి వారము కొత్తపేట, ఆపై రావులపాలెము. ప్రతి పర్యాయము తిరిగి వచ్చి నూనె, నీరు, టైర్లు పరీక్షించి పుస్తకములో వ్రాసికొనుచుండెను. ఒకనాడు జొన్నాడ వంతెన మీదుగా గౌతమిని దాటి రాజమహేంద్రవరము చేరి, సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరెను.

తుదకు కుటుంబముతో భద్రాచలమునకు బయలుదేరెను. రంపచోడవరము చేరునప్పటికి బ్రేకు పెడలు మునుపటికంటె లోతుగా దిగుచున్నట్లు ఆయనకు తోచెను. దిగి చూడగా వెనుక చక్రము కడ బ్రేకు ఆయిలు కారుచుండెను. ముందున్నది మారేడుమిల్లి దాటి చింతూరు వైపు పోవు ఘాటు రోడ్డు. “ఇంత దూరము వచ్చాము కదా, మెల్లగా పోదామండీ” అని పిల్లలు బతిమాలిరి. ఆయన అంగీకరింపలేదు. కారును అచ్చటి షెడ్డులో అప్పగించి, అందరును బస్సులో వెనుదిరిగిరి. పిల్లలు చిన్నబోయిరి.

బస్సులో ఆయన వారికి ఒక వృత్తాంతము చెప్పెను. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిపై ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు పయనమయ్యెను. దూరము సుమారు 106 కిలోమీటర్లు. మోటారు బండిపై అంత దూరము అంతకుమున్ను ఎవరును పోయియుండలేదు. దారిలో ఇంధనము తరిగిపోగా మందుల దుకాణములో కొనెను. గొట్టము పూడుకొనగా టోపీ సూదితో శుభ్రపరచెను. బ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు తొడిగించెను. ఇల్లు చేరిన పిదప, కొండలెక్కుటకు మరియొక గేరు కావలెనని భర్తకు సూచించెను. “ఆమె బండికి లోపములు లేకపోలేదు. వానిని దాచక, దిగి సరిచేసికొనుచు పోయినది” అని ఆయన ముగించెను.

రెండు వారములు గడచెను. బ్రేకులు బాగుపడి, పరీక్షయు పూర్తి అయ్యెను. ఈ పర్యాయము కారు ఘాటు రోడ్డును నెమ్మదిగా ఎక్కెను. దిగునపుడు ఆయన ఎడతెగక బ్రేకు నొక్కలేదు. అట్లు నొక్కినచో అది వేడెక్కి పట్టు కోల్పోవును. ఎక్కుటకు వాడిన తక్కువ గేరులోనే దిగెను. మలుపుల నడుమ ఒక చోట కారు నిలిపి, ఇంజను చల్లారువరకు అడవి గాలిని ఆస్వాదించిరి. సాయంసమయమునకు భద్రాచలమున గోదావరి దర్శనమిచ్చెను.

“ఆనాడు వెనుకకు మరలకున్నచో, ఈనాడు ఇంత నిబ్బరముగా వచ్చియుందుమా నాన్నగారూ?” అని పెద్ద కుమార్తె అడిగెను. తండ్రి మాటాడక, చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకొనుచు చిరునవ్వు నవ్వెను. తన శక్తిని, తన సాధనము శక్తిని ఎరిగి, నిలువవలసిన చోట నిలువనేర్చినవానికే దూరపు బాట దగ్గరగును.