ప్రేక్షకుని హృదయము

ఒకే నాటకమును నూరుగురు చూతురు. ఒకరు నవ్వుదురు, ఒకరు కన్నీరు పెట్టుదురు, వేరొకరు ఆవులించుచు ఇంటికి పోవుదురు. ఒక సినిమాను పదిమార్లు చూచినను తనివి తీరనివారు కలరు. అందులో అంత గొప్పతనమేమున్నదని అడుగువారును కలరు. వేదిక ఒకటే, వెండితెర ఒకటే. మరి ఈ భేదము ఎక్కడినుండి వచ్చినది? ప్రదర్శనలోనుండి మాత్రమే కాదు. చూచువాని హృదయములోనుండి కూడ వచ్చినది. ఈ సంగతిని మన సీమలోని నిదర్శనములతోనే తెలిసికొందము.

చిత్తూరు సీమలోని పెక్కు గ్రామములలో ద్రౌపదీదేవికి, ధర్మరాజునకు గుడులు కలవు. ఆ గుడులయొద్ద ఏటేట భారతోత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. చాలచోట్ల ఇవి పదునెనిమిది దినములు సాగును. ఇందు అర్జునుని తపస్సు ముఖ్యమైన ఘట్టము. నిలువుగా నాటిన ఎత్తైన మ్రానును అర్జున వేషధారి పద్యములు పాడుచు ఎక్కి, పైనుండి పండ్లు, పూలు విసరును. దానిని తపస్సుమాను అందురు. క్రింద నిలిచిన బాలుడు, నటుడు జారిపడునేమోయని ఊపిరి బిగబట్టును. సంగీతము తెలిసిన పెద్ద, పద్యపు ఎత్తుగడను గమనించును. సంతానము లేని స్త్రీలు తడిబట్టలతో ఆ మ్రాను చుట్టును సాగిలపడి, పైనుండి పడు పండు తమకు దక్కునా యని ఎదురుచూతురు.

బాలునకు అది సాహసము. పెద్దకు అది కళ. తల్లి కాగోరు ఆ స్త్రీకి అది తన జీవితమే. పాశుపతమునకై అర్జునుడు చేసిన తపస్సు, బిడ్డకై తాను చేయు తపస్సుతో కలిసిపోవును. ఒడిలో పండు పడినపుడు ఆమె కన్నుల నీరు నిండిన, అది నాటకము తెలియనందువలన కాదు, దుఃఖము తెలిసినందువలన.

ఈ విషయమును మన పూర్వులు లోతుగా విచారించిరి. భరతముని నాట్యశాస్త్రమున రసమును గూర్చి చెప్పెను. సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీర దేశమున నుండిన అభినవగుప్తుడు దానికి వ్యాఖ్యానము వ్రాసెను. ప్రేక్షకుని మనస్సులో వాసనలు ముందే ఉండుననియు, నాటకము వానిని మేల్కొల్పుననియు ఆయన వివరించెను. మల్లెలు తీసివేసిన తరువాత కూడ బుట్టలో పరిమళము మిగులును కదా! అట్లే అనుభవము గడచిపోయినను దాని వాసన మనస్సున నిలుచును. ఆ వాసనతో కళకు స్పందించువాడే సహృదయుడు. గ్రీకు దేశపు అరిస్టాటిల్ కూడ, మనవంటివానికే ఆపద వచ్చినదను తలపువలన విషాదనాటకమున భయము కలుగునని చెప్పెను.

ఈ వాసన ఎట్లు పనిచేయునో అలిపిరిని తలచుకొన్న బోధపడును. అలిపిరి తిరుమల కొండకు పాదస్థానము. 1944వ సంవత్సరమున ఘాట్ రోడ్డు ఏర్పడక పూర్వము యాత్రికులు కాలినడకననో, డోలీలలోనో కొండ ఎక్కెడివారు. నేటికిని వేలకొలది భక్తులు ఇచ్చటి పాదాలమండపమున మ్రొక్కి, సుమారు 3,550 మెట్లు ఎక్కుదురు. పదునైదవ శతాబ్దమున తాళ్ళపాక అన్నమాచార్యుడు బాల్యమున ఈ కొండ ఎక్కుచు, ఆకలికి సొలసి పడిపోయెననియు, అలమేలుమంగ ముత్తైదువ రూపమున వచ్చి ప్రసాదమిచ్చెననియు కథ కలదు. ఆయన జీవితము 1997వ సంవత్సరమున కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున ‘అన్నమయ్య’ అను చలనచిత్రమయ్యెను. అన్నమయ్య తిరుమలకు పోవు కథ తెరపై నడచునపుడు, అలిపిరి మెట్లు ఎక్కినవానికి తన మోకాళ్ళ నొప్పి, తన దప్పిక, త్రోవలో నీరిచ్చిన చేయి జ్ఞప్తికి వచ్చును. కొండ ఎక్కనివానికి అవి జ్ఞప్తికి రావు. కాని అతడు ఇల్లు విడిచి దూరము పోయినవాడైనచో, వేరొక త్రోవన ఆ కథ అతని హృదయమును చేరును.

వయస్సు మారిన వాసనయు మారును. పి. పుల్లయ్య 1939లో వేంకటేశ్వరుని కథను చిత్రముగా తీసెను. అందు శాంతకుమారి పద్మావతి. ఆయనయే 1960లో అదే కథను ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’గా మరల తీసెను. అందు సావిత్రి పద్మావతి, శాంతకుమారి వకుళమాత. నాటి పెండ్లికూతురు ఇరువదియొక్క యేండ్లకు తల్లియయ్యెను. రెండు చిత్రములను చూచిన ప్రేక్షకురాలికి కూడ అన్నియేండ్లే గడచెను. మొదట నారాయణవనపు రాకుమారితో సిగ్గుపడిన ఆమె, పిదప కొడుకు పెండ్లికై వియ్యమడుగబోవు తల్లితో దిగులుపడి యుండును. కథ మారలేదు, ఆమె మారెను.

ఆటలయందును ఇంతే. చెడుగుడులో ఒంటరిగా కూత పెట్టుచు పోవువాడు ఒకనికి ప్రియుడు. చేయి చేయి కలిపి అతనిని పట్టు జట్టు మరియొకనికి ప్రియము. ఒంటరిగా కష్టముల నెదుర్కొన్నవాడు మొదటివానిలో తన్ను చూచుకొనును. నేడు ఫోనులో ఆడు ఆటలలో, ఓడినవానిని మరల మొదటినుండి ఆడనిచ్చునవి కలవు. పరీక్ష తప్పిన బాలునకు అట్టి ఆట ధైర్యము చెప్పు స్నేహితునివలె తోపవచ్చును.

అయితే అభినవగుప్తుడు ఒక హెచ్చరిక కూడ చేసెను. తన సుఖదుఃఖములలోనే మునిగియున్నవానికి రసము అందదు. తన బాధ పదిమంది బాధగా తోచినపుడే రసము పండును. ఇది మరచినచో అభిమానము దారి తప్పును. 1960 నాటి చిత్రమున వేంకటేశ్వరుడుగా కనిపించిన ఎన్.టి. రామారావును చూచుటకు, తిరుమల యాత్రికులు మద్రాసులోని ఆయన యింటికి తరలిపోయెడివారు. 1983లో ఆయన తిరుపతినుండి శాసనసభకు గెలిచి, ముఖ్యమంత్రియు నయ్యెను. ఆ గెలుపునకు కారణములు పెక్కు. అయినను పాత్రపై పుట్టిన ప్రేమ నటునివైపు సాగునపుడు, నేను మెచ్చినది దేనినని ప్రతివాడును ప్రశ్నించుకొనవలెను. పాత్ర గుణములు కథవలన తెలియును. మనుష్యుని గుణములు అతని పనులవలన తెలియవలెను. ఈ వివేకము లేనివారే నటుల పేరిట వీధులలో తగవులాడుదురు.

విద్యార్థులారా! మీకు ఒక కథ నచ్చినచో అందుకు సిగ్గుపడకుడు. అది మీలో దేనిని మేల్కొల్పినదో ఆలోచింపుడు. మీ తోటివానికి మరియొకటి నచ్చినచో అతనిని ఎగతాళి చేయకుడు. అది నీకేల నచ్చినదని అడుగుడు. అతడు చెప్పు సమాధానములో, అన్నాళ్ళు ప్రక్క బల్లపై కూర్చుండినను మీరెరుగని అతని సుఖదుఃఖములు మీకు తెలియును.