ఒక మంచి దుంప కోసం వేల "వద్దు"లు

పిల్లలూ! ఈ పాఠం మొదలుపెట్టే ముందు వంటగదిలోకి వెళ్ళి ఒక బంగాళాదుంప తెచ్చుకోండి. మీ పెద్దవాళ్ళది కోస్తా అయితే దీన్ని బంగాళాదుంప అంటారు. తెలంగాణ అయితే ఆలుగడ్డ. రాయలసీమలో చాలాచోట్ల ఉర్లగడ్డ. పేర్లు మూడు, దుంప ఒకటే.

దాన్ని చేతిలో తిప్పి చూడండి. అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు ఉన్నాయి కదా? వాటిని కళ్ళు అంటారు. మొలక వచ్చేది ఆ కంటి నుంచే. చాలామంది దుంపని వేరు అనుకుంటారు. కాదు, అది భూమిలోపల ఉబ్బిన కాండం.

పొలం నిండా కవలలే

రైతు వరి పండించాలంటే విత్తనాలు చల్లుతాడు. బంగాళాదుంప పండించాలంటే మాత్రం దుంపనే నాటుతాడు. చిన్న దుంప అయితే అలాగే, పెద్దదైతే కళ్ళు ఉండేలా ముక్కలు కోసి నాటుతాడు. వీటిని విత్తన దుంపలు అంటారు.

ఇలా పెరిగిన మొక్క తల్లి దుంపకి అచ్చు కవలపిల్ల. రుచి, రంగు, ఆకారం అన్నీ అవే. అందుకే మీకు నచ్చిన రకం ఎన్నేళ్ళయినా అదే రుచితో దొరుకుతుంది. ఇది మంచి విషయమే. కానీ ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఒక మొక్కని చంపే తెగులు వస్తే, దాని కవలలన్నిటినీ చంపేయగలదు.

ఐర్లండ్‌లో ఏం జరిగింది?

1845 నాటికి ఐర్లండ్‌లో లక్షలమంది పేదవాళ్ళకి బంగాళాదుంపే అన్నం. వాళ్ళు ఎక్కువగా నాటినది లంపర్ అనే ఒకే రకం. కొద్ది నేలలో ఎక్కువ పండేది కాబట్టి అందరూ దాన్నే నమ్ముకున్నారు.

ఆ ఏడాది ఆకుమాడు తెగులు వచ్చింది. దీన్ని లేట్ బ్లైట్ అని కూడా అంటారు. ఇది చూడటానికి బూజులా ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది. చల్లగా, తడిగా ఉండే రోజుల్లో గాలితో పాటు పొలం నుంచి పొలానికి పాకుతుంది. ముందు ఆకులు నల్లబడతాయి, తర్వాత భూమిలో దుంపలు కుళ్ళిపోతాయి. 1846లో పంట దాదాపు మొత్తం పోయింది.

1852 వరకు సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. ఇంకో 10 లక్షలకు పైగా జనం ఓడలెక్కి అమెరికాకీ ఇతర దేశాలకీ వెళ్ళిపోయారు. తెగులు ఒక్కటే దీనికి కారణం కాదు. జనం ఆకలితో ఉన్నప్పుడు కూడా ఐర్లండ్ నుంచి ధాన్యం బయటి దేశానికి వెళ్తూనే ఉంది. పాలించేవాళ్ళు చేసిన సాయం చాలలేదు. ఆ ఓడల్లో వెళ్ళినవాళ్ళ మునిమనవలు ఈ రోజు మీ బడిలో మీ పక్కనే కూర్చుని ఉండొచ్చు.

ఇరవైమూడు విత్తనాలు

"ఏ విత్తు నాటితే ఆ చెట్టే మొలుస్తుంది" అని మన సామెత. బంగాళాదుంప దగ్గర ఈ సామెత సరిగ్గా కుదరదు. ఎందుకో చూడండి.

బంగాళాదుంప మొక్కకి పూలు పూస్తాయి. కొన్ని రకాలకి చిన్న పచ్చి టమాటాల్లాంటి కాయలు కూడా కాస్తాయి. అవి విషం, ఎప్పుడూ నోట్లో పెట్టకూడదు. ఆ కాయలో అసలైన విత్తనాలు ఉంటాయి. ఒకే కాయలోని విత్తనాలు నాటినా ఒక్కో విత్తనం నుంచి ఒక్కో రకం మొక్క వస్తుంది. మీరూ మీ అక్కా ఒకే అమ్మ పిల్లలైనా ఒకేలా ఉండరు కదా, అలాగే.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో లూథర్ బర్బాంక్ అనే యువకుడికి 1870ల మొదట్లో తన తోటలో ఇలాంటి కాయ ఒకటి కనిపించింది. అది ఎర్లీ రోజ్ అనే రకం. దానికి కాయ కాయడం చాలా అరుదు. ఆ కాయలో 23 విత్తనాలు ఉన్నాయి. అన్నిటినీ నాటాడు. వచ్చిన మొక్కల్లో ఒకదాని దుంపలు పెద్దగా, అందంగా, ఎక్కువగా వచ్చాయి. దాన్ని ఉంచుకుని మిగతావి వదిలేశాడు. ఆ రకాన్ని విత్తనాల వ్యాపారికి 150 డాలర్లకు అమ్మేసి 1875లో కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు.

ఆ దుంప నుంచే తర్వాత గరుకు తొక్క ఉన్న రసెట్ బర్బాంక్ వచ్చింది. మీరు తినే పొడుగాటి ఫ్రెంచ్ ఫ్రైస్ ఆ దుంపవే కావచ్చు. మరి దానికి ఆకుమాడు తెగులు రాదా? వస్తుంది. ఒక దుంపలో అన్ని మంచి గుణాలూ దొరకడం అంత కష్టం.

కుఫ్రీ కొండ మీద పెళ్ళి

బర్బాంక్‌కి కాయ అదృష్టం కొద్దీ దొరికింది. శాస్త్రవేత్తలు అదృష్టం కోసం ఎదురుచూడరు. రుచి బాగున్న మొక్కనీ తెగులుని తట్టుకునే మొక్కనీ ఎంచుకుని వాటికి పెళ్ళి చేస్తారు. దీన్నే సంకరం అంటారు. తల్లి పువ్వులోంచి పుప్పొడి తిత్తులు తీసేస్తారు. తండ్రి పువ్వు పుప్పొడిని మెల్లగా అద్దుతారు. పేర్లు రాసిన చీటీ కట్టి, కాయ కోసం ఆగుతారు.

భారతదేశంలో ఈ పని చేసేది కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ. 1949లో పాట్నాలో మొదలై, 1956లో సిమ్లాకి మారింది. ఎందుకు మారింది? ఉత్తర భారత మైదానాల్లో బంగాళాదుంప చలికాలం పంట. అప్పుడు పగలు చిన్నది, మొక్క సరిగ్గా పూయదు. పువ్వు లేకపోతే పెళ్ళి ఎలా? సిమ్లా దగ్గర కుఫ్రీ కొండ 2,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, పగలు పొడుగ్గా ఉంటుంది, పూలు బాగా పూస్తాయి. అందుకే మన వంగడాల పేర్లు కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ పుఖ్రాజ్ అని ఉంటాయి. ఊరి పేరే ఇంటిపేరు అయిందన్నమాట!

వద్దు, వద్దు, వద్దు... ఇది ఉంచుదాం

పెళ్ళి అయ్యాక అసలు పని మొదలవుతుంది. వేల విత్తనాలు, వేల కొత్త మొక్కలు. ఏడాదికేడాది వడపోత.

దుంప వంకరగా ఉందా? వద్దు. కళ్ళు బాగా లోతుగా ఉన్నాయా? తొక్క తీయడం కష్టం, వద్దు. తెగులు సోకించి చూస్తే ఆకులు మాడిపోయాయా? వద్దు. నూనెలో వేయిస్తే చిప్స్ నల్లబడ్డాయా? అంటే దుంపలో చక్కెర ఎక్కువ ఉంది, చిప్స్‌కి వద్దు. మిగిలిన కొద్ది రకాలని వేరువేరు ఊళ్ళలో, వేరువేరు నేలల్లో పండించి చూస్తారు.

ఇదంతా జరగడానికి సుమారు 10, 12 ఏళ్ళు పడుతుంది. మీరు రెండో తరగతిలో ఉండగా వేసిన విత్తనం, మీరు కాలేజీకి వెళ్ళే వయసుకి ఒక కొత్త వంగడం అవుతుంది. ఒక్కోసారి ఇంత చేసినా చివరికి ఒక్కటీ మిగలదు. 1998లో వచ్చిన కుఫ్రీ చిప్సోనా-1 ఇలాంటి వడపోతలో నెగ్గిందే. చిప్స్‌కి బాగుంటుంది, ఆకుమాడు తెగులునీ తట్టుకుంటుంది.

ఈ పని ఎందుకు ఆగదు?

1968లో కుఫ్రీ జ్యోతి వచ్చినప్పుడు ఆకుమాడు తెగులుని బాగా తట్టుకునేది. తర్వాత తర్వాత ఆ శక్తి తగ్గిపోయింది. జ్యోతి మారలేదు, అన్నీ కవలలే కదా! మారింది తెగులు. అది కొత్త దారులు వెతుక్కుంది. కాబట్టి మనం కూడా వెతుకుతూనే ఉండాలి.

ఎక్కడ వెతకాలి? బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడి రైతులు వేల ఏళ్ళుగా ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లో వేల రకాలు కాపాడుకుంటూ వచ్చారు. పెరూ దేశంలోని లిమాలో, 1971లో మొదలైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వాటిని భద్రం చేస్తోంది. ఈ రోజు ఎవరికీ అక్కరలేని చేదు దుంపలోనే రేపటి తెగులుకి జవాబు ఉండొచ్చు. వంట కోసం "వద్దు" అన్నదాన్ని కూడా పారేయకుండా దాచడం అందుకే.

కొత్త మాటలు

వంగడం: పంటలో ఒక రకం.
తెగులు: మొక్కలకి వచ్చే జబ్బు. మనుషులకి జబ్బు చేస్తుంది, పైరుకి తెగులు సోకుతుంది.
సంకరం: రెండు రకాలని కలిపి కొత్త రకం పుట్టించడం.
పుప్పొడి: పువ్వులో ఉండే పసుపు పొడి.
వడపోత: మంచివి ఉంచి మిగతావి తీసేయడం.

జవాబులు చెప్పండి

1. దుంప నాటితే వచ్చే మొక్కకీ విత్తనం నాటితే వచ్చే మొక్కకీ తేడా ఏమిటి?
2. కుఫ్రీ కొండనే ఎందుకు ఎంచుకున్నారు? రెండు కారణాలు రాయండి.
3. ఐర్లండ్ రైతులు నాలుగైదు రకాలు నాటి ఉంటే ఏం జరిగేది? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

ఇంట్లో చేసి చూడండి

ఒకే సంచిలోంచి రెండు దుంపలు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బయట చీకటిగా ఉండే చోట రెండు వారాలు ఉంచండి. చలికి దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. తర్వాత రెండిటినీ సన్నగా తరిగి, వేరువేరుగా వేయించమని అమ్మనో నాన్ననో అడగండి. నూనె దగ్గర మీరు వద్దు, చూస్తే చాలు. ఏ ముక్కలు ఎక్కువ నల్లబడ్డాయి? అవి తినకండి, రంగు మాత్రం పుస్తకంలో రాసుకోండి.

ఆ రాత్రి ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, "మీ చిన్నప్పుడు దీన్ని ఏమనేవాళ్ళు? ఎలా వండుకునేవాళ్ళు?" అని అడగండి. వాళ్ళు చెప్పిన మాటలు కూడా రాసి దాచండి. దుంపల్లాగే మాటల్లో కూడా ఎన్నో రకాలు ఉన్నాయి.