నెక్స్ట్ నొక్కే ముందు

కంప్యూటర్ తెర మీద చిన్న పెట్టె తెరుచుకుని ఏదైనా అడిగితే మనలో చాలామంది చదవరు. ఓకే, నెక్స్ట్, ఐ అగ్రీ... ఏ బటన్ కనబడితే అది నొక్కి ముందుకెళ్లిపోతారు. బ్యాంకు అప్పు కాగితాల మీద, ఇన్సూరెన్స్ ఫారాల మీద, అద్దె ఒప్పందాల మీద సంతకాలు చేసే తీరూ ఇదే. 'ఎక్కడ పెట్టమంటారండీ?' అని అడిగి పెట్టేస్తాం. ఈ అలవాటును వదిలించుకోవడానికి నాకు తెలిసిన మంచి సాధనల్లో ఒకటి పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సొంతంగా ఎక్కించుకోవడం.

సందర్భం కూడా కలిసొచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. ఇవి లేనందువల్ల నిక్షేపంగా పనిచేసే ల్యాప్‌టాప్‌లు అటకెక్కుతున్నాయి. వాటిలో చాలావాటి మీద లినక్స్ హాయిగా నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు. అది చిన్న లాభమేమీ కాదు. అయితే నేను చెప్పాలనుకుంటున్నది ఆ పని చేసే క్రమంలో మనిషికి అబ్బే తీరు గురించి.

కొత్తవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంటారు. లినక్స్‌లో వందల రకాలున్నాయి, వాటిని డిస్ట్రోలంటారు. ఉబుంటు మేలా, మింట్ మేలా, ఫెడోరా మేలా అంటూ యూట్యూబ్‌లో వీడియో తర్వాత వీడియో చూస్తూ వారాలు గడిపేస్తారు. చూస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టే ఉంటుంది, ల్యాప్‌టాప్ మాత్రం అటక దిగదు. విండోస్‌కు అలవాటుపడ్డ చెయ్యి అయితే లినక్స్ మింట్ తీసుకోండి. ర్యామ్ 4 జీబీ ఉంటే చాలు. 2 జీబీయే ఉంటే మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం ఉంది. నచ్చకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. వెనక్కి తీసుకోగల నిర్ణయానికి ఇంత తర్జనభర్జన అనవసరం. వెనక్కి తీసుకోలేని చోట మాత్రం ఎంత ఆలోచించినా తక్కువే. చదువులో, ఉద్యోగంలో, పెళ్లి విషయంలో కూడా మనం ఈ రెంటినీ కలగాపులగం చేసుకుంటాం. చొక్కా రంగుకు గంట తీసుకుని, హామీ సంతకం నిమిషంలో పెట్టేసేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ వెనక్కి తీసుకోలేనిది డిస్క్‌లో ఉన్న సమాచారం. పిల్లల ఫోటోలు, నాన్నగారి గొంతు వినబడే పాత వీడియో, పదో తరగతి మెమో స్కాన్, ఇంటి దస్తావేజులు. వీటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసినంత మాత్రాన బ్యాకప్ అయిపోలేదు. ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. మరీ ముఖ్యమైనవాటిని రెండో చోట కూడా దాచండి. డెస్క్‌టాప్ మీద పడేసినవీ, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయినవీ, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులూ ఎక్కువమంది మరచిపోయేవి. విండోస్‌ను కూడా ఉంచుకునే ఆలోచన ఉండి, డిస్క్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పడి ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ పనికి ఒక పూట పడుతుంది. విసుగ్గా ఉంటుంది కూడా. కానీ ధైర్యమంతా ఇక్కడే తయారవుతుంది. ధైర్యం పుట్టుకతో రావాలని అనుకుంటాం గానీ, బ్యాకప్ తీసి, తెరిచి చూసుకున్నవాళ్ల చెయ్యి వణకదు.

ఆపైన కావలసింది 8 జీబీ పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. మింట్ అధికారిక సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు దించుకుని, రూఫస్, బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌లలో ఒకదానితో పెన్‌డ్రైవ్ మీద రాయాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. వచ్చే జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి.

ఇప్పుడు లినక్స్ ఒక గొప్ప వెసులుబాటు ఇస్తుంది. డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీంచే మొత్తం వ్యవస్థ నడుస్తుంది. దీన్నే లైవ్ సెషన్ అంటారు. తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కకుండా ఒక సాయంత్రం ఇందులోనే గడపండి. వైఫై దొరుకుతోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, వెబ్‌క్యామ్ పనిచేస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, ఇంట్లో ప్రింటర్‌ను గుర్తుపడుతోందా అన్నవి ఒక్కొక్కటే చూసి కాగితం మీద రాసుకోండి. పెన్‌డ్రైవ్ మీంచి నడుస్తుంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, కంగారుపడనక్కర్లేదు.

అసలు పరీక్ష పార్టిషన్ తెర దగ్గర. ఇన్‌స్టాల్ మొదలుపెట్టి భాష, కీబోర్డు చెప్పాక అది వస్తుంది. విండోస్ పక్కనే లినక్స్ పెట్టమంటారా, డిస్క్ మొత్తం చెరిపి పెట్టమంటారా, మీరే భాగాలు చేసుకుంటారా అని అడుగుతుంది. విండోస్‌ను గుర్తించకపోతే మొదటి దారి కనబడనే కనబడదు. డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనో ఎన్‌వీఎంఈ అనో ఉంటాయి. పేరు చూసి బెదిరిపోకుండా పరిమాణం చూడండి. 500 జీబీ అని ఉన్నది ల్యాప్‌టాప్ డిస్క్, 8 జీబీ అని ఉన్నది మీ పెన్‌డ్రైవ్. బ్యాకప్ డిస్క్‌ను ముందే ఊడదీసి బీరువాలో పెట్టి ఉంటే అది ఈ జాబితాలోకే రాదు. చివరగా, ఫలానా డిస్క్ మీద ఫలానా మార్పులు చేయబోతున్నాను, సరేనా అని ఇంకో పెట్టె అడుగుతుంది. దాన్ని పైకి చదవండి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గో బ్యాక్ నొక్కండి. అలా నొక్కినందువల్ల పోయేదేమీ లేదు. 'నాకింకా అర్థం కాలేదు, తెలుసుకుని వస్తాను' అని నలుగురిలో అనడానికి మనకు మొహమాటం అడ్డొస్తుంది. తెర ముందు ఆ మొహమాటం ఉండదు కాబట్టి, ఆగడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఎక్కించుకున్నాక కొన్నాళ్లు ఎర్రర్లు వస్తాయి. మార్కుల మధ్య పెరిగిన మనకు ఎర్రర్ అనే మాట కనబడగానే సున్నా వచ్చినట్టు ఉంటుంది. లినక్స్ ఎర్రర్లు చాలావరకు ఉన్నమాటే చెబుతాయి. కమాండ్ నాట్ ఫౌండ్ అంటే స్పెల్లింగ్ తప్పయి ఉండాలి, లేదా ఆ ప్రోగ్రామ్ లేకపోయి ఉండాలి. పర్మిషన్ డినైడ్ అంటే ఆ పని చేసే అధికారం మీ ఖాతాకు లేదు. నో సచ్ ఫైల్ అంటే మీరు చెప్పిన చోట ఆ ఫైలు లేదు. ఇక్కడ పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు కాబట్టి డౌన్‌లోడ్స్ అన్న మాటలో డీ చిన్నదిగా కొట్టినా ఇదే వస్తుంది. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ వస్తుంది. అప్పుడు మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి తగిన డ్రైవర్ ఉందేమో చూడొచ్చు.

ఎవరినైనా అడగాల్సి వస్తే 'పనిచెయ్యట్లేదు' అని ఊరుకోవద్దు. ఏం చేశారు, తెర మీద ఏమొచ్చింది, మీరేం ప్రయత్నించారు, ఈ మూడూ చెప్పండి. సగం సందర్భాల్లో అవి రాస్తుండగానే జవాబు తడుతుంది. ఎవరో ఇచ్చిన సుడో ఆదేశాన్ని అర్థం తెలియకుండా అతికించడం కూడా చదవకుండా సంతకం పెట్టడమే. సుడో అంటే యంత్రం మీద సర్వాధికారం.

అడగడంలో నామోషీ లేదు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్లవాడు, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని చెప్పి నలుగురి అభిప్రాయాలు అడిగాడు. పని పూర్తికాకముందే అడిగాడు. అదే తర్వాత లినక్స్ అయింది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ అదే.

తెలుగు రాయడానికి బెంగ అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు ఐబస్ అనే ప్రోగ్రామ్ ద్వారా పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి సంస్థల స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగులో లినక్స్ కోసం ఏళ్ల తరబడి పనిచేశారు, వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే అను ఫాంట్లతో డీటీపీ చేసి బతికేవాళ్లు, ట్యాలీ లెక్కలు రాసేవాళ్లు విండోస్‌ను తీసెయ్యొద్దు. పక్కపక్కనే రెండూ ఉంచుకోండి. అన్నం పెట్టే పనితో ప్రయోగాలు చేయకూడదు.

మీకు చెయ్యి తిరిగాక తమ్ముడో, పిన్నో, పక్కింటి విద్యార్థో వచ్చి తమకూ వేసిపెట్టమంటారు. వేసి ఇవ్వకండి. పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. తెర మీద ఏముందో వాళ్లే చదవాలి, ఏది నొక్కాలో వాళ్లే తేల్చుకోవాలి. బ్యాకప్ తీశారా, తీసింది తెరిచి చూశారా అని మాత్రం మొదలుపెట్టే ముందే గట్టిగా అడగండి.