బీగిల్‌ను పెంచదలచినవారికి

బీగిల్ అనే పేరు వినగానే జీవశాస్త్రం చదివే మాబోటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది డార్విన్ ఎక్కిన ఓడ. 1831 డిసెంబరులో ఇంగ్లండులోని ప్లిమత్ రేవు వదిలి, దాదాపు అయిదేళ్ళు లోకం చుట్టి 1836 అక్టోబరులో తిరిగివచ్చిన ఆ ఓడ సంగతి అందరం చదువుకున్నదే. ఓడకు ఆ పేరిచ్చిన కుక్కజాతిని గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. తెలియకుండానే చాలామంది దాన్ని ఇళ్ళకు తెచ్చుకుంటున్నారు.

పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు, జాలిగొలిపే కళ్ళు, తెలుపు నలుపు గోధుమరంగు కలిసిన ఒళ్ళు. పిల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. ముద్దొచ్చిందని తెచ్చుకున్నవారిలో కొందరు ఏడాది తిరక్కుండానే ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తుంటారు. “పిలిస్తే రాదండీ”, “ఒకటే అరుపులు, పక్కింటివాళ్ళతో మాట పడాల్సివస్తోంది”, “ఎంత పెట్టినా చాలదంటుంది” – ఇవీ వారి ఫిర్యాదులు. మూడూ నిజమే. అయితే ఈ మూడూ ఆ కుక్క నేర్చుకున్న చెడ్డ అలవాట్లనుకుంటే పొరపాటు. దాని పుట్టుకలో ఉన్న గుణాలవి. వాటికి మన ఇంట్లో చోటుందా లేదా అన్నది కొనకముందే తేల్చుకోవాలి.

పుట్టుక

వేటకుక్కల్లో, అంటే జాగిలాల్లో, ముఖ్యంగా రెండు తెగలున్నాయి. చూపుతో వేటాడేవి మొదటి తెగ. మన పొరుగున కర్ణాటకలోని ముధోల్ కుక్క ఇందుకు ఉదాహరణ. వాసన పట్టి వేటాడేవి రెండో తెగ. బీగిల్ ఈ తెగకు చెందుతుంది. ఇంగ్లండులో కుందేళ్ళ వేట కోసం దీన్ని తీర్చిదిద్దారు. 1830ల ప్రాంతంలో ఎసెక్స్‌లో ఫిలిప్ హనీవుడ్ అనే మతాచార్యుడు పెంచిన మంద నేటి బీగిళ్ళకు మూలమని చెబుతారు. 1890లో అక్కడ బీగిల్ క్లబ్బు ఏర్పడింది.

ఆ వేట పద్ధతి గమనించదగ్గది. వేటగాళ్ళు గుర్రాలెక్కకుండా కాలినడకన వెళ్ళేవారు. కుక్కలు మందగా ముందు పరుగెత్తేవి, మనుషులు వెనక పడి పోయేవారు. దారి ఎటో నిర్ణయించేది కుక్క. మనిషి కంటికి కనబడనంత దూరం పోతే గొంతెత్తి జాడ చెప్పేది. తోక కొసన ఉండే తెలుపు గడ్డిలో దాని ఉనికి తెలిపే జెండా అన్నమాట. ఇన్ని తరాలు ఇలా ఎంపిక చేస్తూ వచ్చాక, ఇప్పుడు అది స్వతంత్రంగా నిర్ణయం తీసుకుంటోందనీ, గొంతెత్తుతోందనీ, ఒంటరిగా ఉండలేకపోతోందనీ ఆశ్చర్యపడితే ఎలా?

ముక్కు

కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మనకు అరకోటి ఉంటే బీగిల్‌కు 20 కోట్లకు పైగా ఉంటాయని లెక్క చెబుతారు. పైగా, కుక్క వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల గుండా బయటికి పోతుంది గనుక, ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. స్కాట్, ఫుల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక ఎకరం పొలంలో ఒక ఎలుకను వదిలి కుక్కల్ని పరీక్షించారు. బీగిళ్ళు దాన్ని నిమిషం ఆ ప్రాంతంలో పట్టేశాయి. ఫాక్స్ టెరియర్లకు పావుగంట పట్టింది. 1984లో అమెరికా వ్యవసాయ శాఖ లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ప్రయాణికుల సామాన్లలోని పళ్ళు, మాంసం పసిగట్టడానికి బీగిళ్ళనే నియమించింది. విదేశీ పురుగులు, తెగుళ్ళు పంటలకు సోకకుండా కాపాడే పని అది. రైతు బిడ్డగా నాకు ఈ సంగతి చాలా నచ్చింది.

ఇంతటి ముక్కున్న జంతువు వాసన తగిలినప్పుడు మన పిలుపు వినదు. అది పొగరు కాదు. దాని బుద్ధంతా ఆ క్షణాన ముక్కులో ఉంటుంది. అందుచేత ఆరుబయట దాన్ని తాడు విప్పి వదలరాదు. ప్రహరీ గోడ కింద మట్టి తవ్వి కూడా బయటపడగలదు. గేటు సందులు చూసుకోవాలి. రోజుకు గంటకు తగ్గకుండా నడిపించాలి, ఆ నడకలో తీరిగ్గా వాసన చూడనివ్వాలి. ఇంట్లో మూల మూలల తిండి పలుకులు దాచి వెతికించినా దానికి మంచి పని దొరికినట్టే.

“పల్లెకు పంపితే?”

పట్నంలో ఉంచలేనివారు తరచు అనే మాట ఇది. మా బంధువుల్లో ఒకరు తమ బీగిల్‌ను అలాగే మా ఊరికి పంపారు. వచ్చిన మూడో రోజున ముంగిస వాసనో, పందికొక్కు వాసనో పట్టుకుని కాలవ గట్టు వెంట పోయింది. రెండు రోజులు వెతికాక మూడో ఊళ్ళో దొరికింది. ఊరకుక్కలు కరిచిన గాట్లు, ఒళ్ళంతా పిడుదులు, ఆపైన జ్వరం. పశువుల డాక్టరుగారు వారం రోజులు చూసి బతికించారు. “ఇంత మొండి కుక్కేమిటి నాన్నా?” అని తమ్ముడు విసుక్కుంటే నాన్న అన్నారు: “దాని పని అది చేసిందిరా. ఎద్దును తెచ్చుకుని పాలివ్వలేదంటే ఎలా?”

పల్లెలో చోటున్న మాట నిజమే. ఆ చోటులోనే పాములూ, ఎలుకల మందూ, పురుగుమందు కలిపిన నీళ్ళూ కూడా ఉన్నాయి. పట్నంలో ఇమడని కుక్కకు పల్లె విరుగుడనుకోవద్దు.

గొంతు

బీగిల్‌కు మొరుగుడు ఒకటే కాదు. ఏడుపులాంటి ఊళ ఉంది. వేటలో జాడ చెప్పే దీర్ఘమైన కూత మరొకటి ఉంది. మందలో బతికే జంతువు గనుక ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుంది. భార్యాభర్తలిద్దరూ తొమ్మిదింటికి ఉద్యోగాలకు వెళ్ళి ఆరింటికి వచ్చే ఇల్లయితే, మధ్యలో ఇంట్లో ఇంకెవరూ లేకపోతే, ఈ జాతి వద్దనే నా సలహా. కొట్టి నోరు మూయించాలని చూస్తే భయం పెరుగుతుందే గాని అరుపు తగ్గదు. తిండి ఆశ చూపి, మెచ్చుకుని, కొద్దికొద్దిగా నేర్పితే నేర్చుకుంటుంది. పిల్లప్పటి నుంచే కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి ఒంటరిగా ఉండడం అలవాటు చేయాలి.

కడుపు

పెద్ద బీగిల్ బరువు సుమారు 10 కిలోలు. దానికి రోజుకు 600–700 కాలరీలు చాలు. మనం ముద్దుచేసి పెట్టే ఒక పెద్ద నేతి లడ్డూ దాని రోజు తిండిలో నాలుగోవంతుకు తగ్గదు. ఇంటిల్లిపాదీ తలా ఒక ముక్క పెడితే ఏమవుతుందో లెక్క వేసుకోండి. ఈ జాతికి స్థూలకాయం పెద్ద శత్రువు. దానివల్ల కీళ్ళూ, వెన్నూ దెబ్బతింటాయి. తిండి కొలిచి రెండు పూటలా పెట్టాలి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కనిపించకూడదు. చాక్లెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. మన కూరల్లో ఉల్లి వెల్లుల్లి లేనిదెక్కడ? కాబట్టి కూర కలిపిన అన్నం పెట్టకపోవడమే మేలు. చెత్తబుట్టకు గట్టి మూత ఉండాలి.

చెవులు, ఒళ్ళు

వేలాడే చెవుల్లోకి గాలి ఆడదు. చెమ్మ నిలిచి చీము పడుతుంది. వారానికోసారి చెవులు చూసి, దుర్వాసన ఉంటే డాక్టరుకు చూపించాలి. పైకి పొట్టిగా కనిపించినా దాని వెంట్రుకలు రెండు పొరలు. ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటాయి. కొన్ని బీగిళ్ళకు మూర్ఛ కూడా వస్తుంది.

కుక్క మనలాగా ఒళ్ళంతా చెమటోడ్చదు. నాలుక చాచి వగర్చడమే దాని చలువ. మన వేసవిలో తెల్లవారుజామున, పొద్దు కుంకాక మాత్రమే నడిపించాలి. మేడ మీద ఎండలో కట్టేయడం క్రూరత్వం. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మన ప్రాంతంలో సర్వసాధారణం గనుక వేళ్ళ సందులూ, చెవి మడతలూ రోజూ తడిమి చూడాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో టీకాలు మొదలుపెట్టి, మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన గడువు తప్పకుండా మళ్ళీ వేయిస్తుండాలి. ఏ కుక్క కరిచినా సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు గాయం కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

కొనేటప్పుడు

మా వైపు రైతు ఎద్దును కొనాలంటే సంతలో పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు, కాడి కట్టి చూస్తాడు. పన్నెండు పదిహేనేళ్ళు ఇంట్లో బతకబోయే కుక్కను మాత్రం సెల్‌ఫోనులో బొమ్మ చూసి కొంటున్నారు! తల్లి కుక్కనూ, అది ఉన్న చోటునూ కళ్ళారా చూడాలి. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తొందరగా తల్లి నుంచి విడదీసిన పిల్ల తోటి కుక్కల మర్యాదలు నేర్వదు, రోగాలకూ లోనవుతుంది.

ఈ జాతి నెమ్మదితనం గురించి ఒక్కమాట. మనిషి ఏం చేసినా సాధారణంగా తిరగబడదు గనుకనే ప్రయోగశాలల్లో కుక్కల మీద జరిగే పరీక్షలకు ఎక్కువగా బీగిల్‌నే వాడుతూ వచ్చారు. 2022లో అమెరికాలోని వర్జీనియాలో, పరీక్షల కోసం బీగిళ్ళను పెంచే ఒకే ఒక్క కేంద్రం నుంచి సుమారు 4,000 కుక్కలను విడిపించి ఇళ్ళకు పంపారు. సైన్సు విద్యార్థులు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. ఓర్పు గల జంతువు మీద భారం ఎక్కువగా పడుతుంది. ఇంట్లోనైనా అంతే.

కనుక కొనేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పగలు ఇంట్లో ఎవరుంటారు? రోజూ గంటసేపు నడిపించేదెవరు – ఈ నెలే కాదు, వచ్చే పన్నెండేళ్ళూ? తిండి విషయంలో ఇంటివాళ్ళంతా ఒక్క మాట మీద ఉండగలరా? వైద్యానికి డబ్బుందా? నాలుగింటికీ జవాబు దొరికితే నిక్షేపంగా తెచ్చుకోండి. పిల్లలతో అంత స్నేహంగా మెలిగే కుక్కలు తక్కువ. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆగండి. మన ఎండలకు అలవాటుపడ్డ ఊరకుక్క పిల్లను చేరదీయడం గురించి ఆలోచించండి. దానికీ నడకా, తోడూ, టీకాలూ కావాలి గాని, వాసన వెంట ఊళ్ళు దాటిపోయే పిచ్చి దానికి అంతగా ఉండదు. ఏ కుక్కనైనా దాని పని తెలుసుకున్నాకే గడప దాటించి లోపలికి తెచ్చుకోవాలని నా మనవి.