పొయ్యిపాలగు కొయ్యతో జీవనోపాధి

గ్రామములలో కొమ్మలు నరికినపుడు మిగులు తుండ్లు, విరిగిన మంచపుకోళ్ళు, పాత ద్వారబంధపు ముక్కలు సాధారణముగా పొయ్యిపాలగుచున్నవి. అట్టి కొయ్యయే తరిమెనపై కెక్కినచో బొంగరము, కుంకుమభరిణె, పప్పుగుత్తి కాగలదు.

అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున గల ఏటికొప్పాక గ్రామమే ఇందుకు నిదర్శనము. అచటి పనివారు మెత్తనైన అంకుడు కొయ్యను తరిమెనపై చెక్కి, తిరుగుచున్న వస్తువునకు రంగులక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టుకొనును. మొగలి ఆకుతో రుద్దగా నిగనిగలాడును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

రెండు జాగ్రత్తలు ముఖ్యము. పచ్చికొయ్యను నీడలో బాగుగా ఆరనీయవలెను. లేనిచో వస్తువు పగులును. పాతకొయ్యలోని మేకులను ముందుగా ఊడదీయవలెను. లేనిచో ఉలి తగిలి, ఎగిరిపడి, పనివానికి గాయము కావచ్చును.

అంకుడుచెట్టును కొట్టినను మోడు తిరిగి చిగురించును. వేళ్ళతో పెకలించి, క్రొత్తవి నాటుట మరచినచో పనివారికి కొయ్య కరవగును. కొయ్య లేనిదే తరిమెన తిరుగదు. కావున పంచాయతీ సభ్యులు బాటల ప్రక్కలను, ఖాళీ పోరంబోకులలోను అంకుడు మొక్కలను నాటింపవలెను. పంచాయతీ కలపను వేలము వేయుటకు ముందు తరిమెనకు పనికివచ్చు ముక్కలను వేరు చేయించి, గ్రామమందలి పనివారికి అందునట్లు చూడవలెను.